బేటీ చేతిలో జిన్నుల కితాబ్



ఈ మధ్య నాకు ఒకటే సవాల్ పదే పదే ఎదురవుతోంది. ఫోన్లో అడుగుతున్నారు. షాదీల్లో దస్తర్‌ఖాన్ దగ్గర అడుగుతున్నారు. జుమా నమాజ్ అయ్యాక చెప్పులు తొడుక్కుంటూ అడుగుతున్నారు. "భాయ్, మీరు పత్రికలో పనిచేస్తారు గదా, కితాబుల సంగతి మీకు తెలుస్తుంది. మా అమ్మాయి ఇంత లావు ఇంగ్లీషు నవలలు చదువుతోంది. అందులో జాదూ ఉంటుందంట, జిన్నులుంటాయంట. చదవనివ్వొచ్చా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. చదవనివ్వండి. ఎందుకు చదవనివ్వాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి, అసలు మనం భయపడుతున్నది జాదూకేనా లేక మరో దానికా అన్నది మాత్రం కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి. ఇది ఒక్క కితాబ్ మీద బహస్ కాదు. మన ఆడపిల్లల ఇఖ్తియార్ మీద బహస్.

వట్లూరులో మా రిష్తేదార్ల ఇల్లొకటి ఉంది. విజయవాడ నుంచి ప్యాసింజరు రైల్లో వస్తుంటే ఏలూరుకి ముందు తగిలే చిన్న స్టేషన్ వట్లూరు. ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాక అది ఊరో, ఏలూరులో ఓ పేటో చెప్పడం కష్టం. ఆ ఇంటి అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. స్నేహితురాలి దగ్గర ఒక నవల అడిగి తెచ్చుకుంది. సబా తాహిర్ అనే రచయిత్రి రాసిన 'యాన్ ఎంబర్ ఇన్ ది యాషెస్'. 2015లో అమెరికాలో వచ్చింది. అట్ట మీద పేరు చూసి అమ్మీ ముందు సంబరపడింది, మన ఖౌమ్ పిల్లే రాసింది గదా అని. అబ్బా మధ్యలో ఒక పేజీ తిప్పి జిన్న్ అన్న మాట చూశాడు. అంతే, కితాబ్ బీరువా పైకి ఎక్కింది. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు.

మూడో రోజు నన్ను పిలిచారు. అబ్బా ఏతరాజ్ జాదూ మీద. అమ్మీ ఏతరాజ్ పరీక్షల మీద. ఫుప్పూ మాత్రం మనసులో మాట దాచుకోలేదు. "జాదూ గీదూ నాకు తెలీదు గానీ, ఇట్టాంటి కథలు చదివే పిల్ల రేపు మనం చూసిన రిష్తా వద్దంటది," అంది.

నా ఖయాల్లో ఆ ముగ్గురిలో అసలు సంగతి పట్టుకున్నది ఫుప్పూయే. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు కితాబ్ సంగతి.

చదవకుండా ఫైసలా చెప్పడం తగదు గనక ఆ నవల నేను తెచ్చుకుని చదివాను. రోమ్ రాజ్యంలాంటి ఒక సల్తనత్. అందులో పాలించే జాతి ఒకటి, ఓడిపోయి అణగారిన జాతి ఒకటి. లాయా అనే పదిహేడేళ్ల పిల్ల ఆ ఓడిపోయిన జాతిది. ఒక రాత్రి సిపాయిలు ఇంటి మీద పడి నానా నానీలను చంపి అన్నను పట్టుకుపోతారు. పిల్ల భయంతో పారిపోతుంది. అన్నను వదిలి పారిపోయానన్న సిగ్గు ఆమెను తింటుంటుంది. అన్నను విడిపించుకోవడానికి గులామ్ వేషంలో శత్రువుల మిలటరీ మదర్సాలోకే జాసూస్‌గా వెళుతుంది. హిమ్మత్ ఉన్న పిల్ల కాబట్టి కాదు. భయపడుతూనే వెళుతుంది.

రెండో మనిషి ఎలియాస్. ఆ మదర్సాలో అందరికన్నా మెరికలాంటి సిపాయి. అక్కడి సిపాయిలకు ఒక వెండి ముసుగు ఇస్తారు. దాన్ని పెట్టుకుని తిరగగా తిరగగా అది మెల్లగా మొహానికి అతుక్కుపోతుంది, చర్మంలో కలిసిపోతుంది. ఇక తీయడం ఉండదు. తోటివాళ్లందరికీ అతుక్కుపోయింది. ఎలియాస్‌కి మాత్రం అతుక్కోలేదు. ఎందుకంటే వీలు దొరికినప్పుడల్లా తీసేస్తుంటాడు. అతణ్ణి చిన్నప్పుడు పెంచింది ఎడారి తెగవాళ్లు. కన్నది ఆ మదర్సాను ఏలే కఠినమైన తల్లి. ఈ రెండింట్లో తను ఎవరు? ఇచ్చిన ముసుగే తన మొహమా? నవల అంతా ఈ సవాల్ చుట్టూనే తిరుగుతుంది.

జిన్నులున్నాయి, ఇఫ్రీత్‌లున్నాయి, నిజమే. మన దాదీలు చెప్పిన పేర్లే అవన్నీ. కానీ కథ జిన్నుల గురించి కాదు. హుకుమ్ ఇచ్చినవాడు జాలిమ్ అయితే మనిషి ఏం చేయాలన్నది దాని అసలు సంగతి.

రచయిత్రి సంగతి కూడా తెలుసుకోవాలి. సబా తాహిర్ తల్లిదండ్రులు పాకిస్తాన్ నుంచి వెళ్లినవాళ్లు. కాలిఫోర్నియాలో మొహావీ ఎడారిలో పద్దెనిమిది గదుల మోటెల్ నడుపుకున్నారు. ఆ అమ్మాయి అక్కడే కథలు చదువుతూ పెరిగింది. తర్వాత వాషింగ్టన్ పోస్ట్‌లో పనిచేసింది. అక్కడ ఉన్నప్పుడు చదివిన ఒక కథనం, కశ్మీర్‌లో సిపాయిలు పట్టుకుపోయిన మగవాళ్ల కోసం ఎదురుచూసే ఆడవాళ్ల గురించినది, ఈ నవలకు బీజం వేసిందని ఆమే చెప్పింది. పత్రికలో అలాంటి వార్తకు ఎంత చోటు దొరుకుతుందో, మర్నాటికి దాన్ని ఎందరు గుర్తుపెట్టుకుంటారో నాకు తెలుసు. ఆమె దాన్ని ఒక ఊహా సల్తనత్‌లోకి తీసుకెళ్లి లక్షలమంది పిల్లల దిల్‌లో నాటింది. వట్లూరు పిల్ల దాకా వచ్చింది గదా.

ఇక దీనీ సవాల్. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వడం నా పని కాదు. అనుమానమున్నవాళ్లు మీ ఆలిమ్ సాహెబ్‌నే అడగండి. సిహర్ చేయడం, చేయించడం, తాయెత్తుల దుకాణాల చుట్టూ తిరగడం కబీరా గునాహ్ అని మనందరికీ తెలుసు. అందులో ఇఖ్తిలాఫ్ లేదు. కానీ జాదూ చేయడం వేరు, జాదూగాడి కథ చదవడం వేరు. దొంగతనం హరామ్. దొంగ కథ చదివినవాడు దొంగ కాడు.

ఖుర్ఆన్ పాక్‌లో బాబిల్‌లోని హారూత్, మారూత్‌ల ప్రస్తావన ఉంది. ఒక సూరాకు పేరే జిన్న్. సులైమాన్ అలైహిస్సలామ్‌కు గాలి, పక్షులు, జిన్నులు లోబడి పనిచేసిన వైనం ఉంది. హుద్‌హుద్ పిట్ట ఖబర్ మోసుకొచ్చిన ఖిస్సా ఉంది. ఆ ఖిస్సాలో సబా మలికా ఏం చేసిందో గుర్తు చేసుకోండి. ఉత్తరం అందగానే సర్దార్లను పిలిచి మష్వరా చేసింది. యుద్ధం వస్తే ఏమవుతుందో తూచి చూసింది. వచ్చి, తన కళ్లతో చూసి, తన నోటితో ఈమాన్ ప్రకటించింది. ఆమె కోసం ఎవరూ ఫైసలా చేయలేదు.

ఫిరౌన్ దర్బారులోని జాదూగర్ల ఖిస్సా మరీ గొప్పది. పొద్దున వాళ్లు ఇనామ్ కోసం ఫిరౌన్ పక్షాన నిలబడ్డారు. మూసా అలైహిస్సలామ్ అసా పాముగా మారి వాళ్ల మాయనంతా మింగేయగానే సజ్దాలో పడ్డారు. చేతులు కాళ్లు నరికిస్తా, శిలువ వేయిస్తానని ఫిరౌన్ బెదిరించినా వెనక్కి తగ్గలేదు. ఒక్క పూటలో వాళ్ల పహచాన్ మారిపోయింది. జాదూగర్లుగా వచ్చినవాళ్లు మోమిన్లుగా నిలబడ్డారు. ఎన్నుకోవడం అంటే అదీ.

ప్రతి జుమాకీ మన ఇళ్లలో సూరా కహఫ్ చదువుతారు. ఆ గుహలో నిద్రపోయినవాళ్లు ఎవరు? ముసలివాళ్లు కాదు, పెద్దమనుషులు కాదు. ఖుర్ఆన్ వాళ్లను నౌజవాన్లనే అంటుంది. బస్తీ అంతా ఒక దారిన పోతుంటే కొందరు కుర్రాళ్లు మేము ఆ దారిన రామని లేచి నిలబడ్డారు. వాళ్ల వెంట వాళ్ల కుక్క. ప్రతి వారం ఈ సూరా తిలావత్ చేసే ఇంట్లో పదిహేడేళ్ల పిల్ల తన దారి గురించి ఆలోచిస్తే మనకు బెదురెందుకు?

ఇంకో మాట. ఈ మాయా కథలన్నీ అంగ్రేజీవాళ్ల నుంచి వచ్చిపడ్డాయని మనలో చాలామంది అనుకుంటున్నారు. ఇది మన విరాసత్ మనకు తెలియకపోవడం. దాస్తాన్-ఎ-అమీర్ హమ్జా పేరు మీ దాదా నానాలను అడగండి. అక్బర్ బాద్షా ఆ దాస్తాన్‌కు దాదాపు 1400 బొమ్మలు వేయించాడు. ఆ పని పూర్తి కావడానికి పదిహేనేళ్లు పట్టింది. ఇప్పుడు మిగిలినవి రెండు వందల లోపే, అవీ ప్రపంచంలోని మ్యూజియాల్లో చెల్లాచెదురై ఉన్నాయి. లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ప్రెస్ ఈ దాస్తాన్‌ను 46 సంపుటాలుగా అచ్చువేసింది. అందులో అందరికీ ఇష్టమైన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' మొదటి సంపుటం 1883లో వచ్చింది. రాసింది ముహమ్మద్ హుసేన్ జాహ్, ఆ తర్వాత అహ్మద్ హుసేన్ ఖమర్. అచ్చేసిన నవల్ కిశోర్ హిందువు. ఆయన ప్రెస్ ఖుర్ఆన్‌ను కూడా ఎంతో అదబ్‌తో అచ్చువేసింది. మన తహజీబ్ అలా నడిచింది.

ఆ హోష్‌రుబాలో అమర్ అయ్యార్ అనే చమత్కారి ఉంటాడు. అతని దగ్గర జంబీల్ అనే సంచి. లోకంలో ఉన్న వస్తువంతా అందులో పడుతుంది, అయినా నిండదు. ఈనాటి అంగ్రేజీ నవలల్లో అలాంటి సంచి కనిపిస్తే మన పిల్లలు అబ్బురపడుతున్నారు. వాళ్ల పర్‌దాదా ఆ సంచి కథ వింటూ నిద్రపోయేవాడని వాళ్లకెవరూ చెప్పలేదు. జాదూగర్ల బాద్షా అఫ్రాసియాబ్ రాజ్యంలో మహ్రుఖ్ సెహర్‌చష్మ్ అని ఒక పెద్ద జాదూగర్ని ఉంటుంది. ఆమె ఆ బాద్షాను కాదని బయటికొచ్చి అసద్ పక్షాన చేరి అతని మీదే యుద్ధం చేస్తుంది. అయ్యారీలో మగవాళ్లకు ముచ్చెమటలు పట్టించే ఆడ అయ్యార్లూ ఉన్నారు. ఆడది తన పక్షం తాను ఎన్నుకోవడం మన దాస్తాన్లకు కొత్త కాదు.

ఢిల్లీలో ఆఖరి దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ 1928లో ఇంతెఖాల్ అయ్యాడు. ఆయనతో పాటే ఆ కళ కూడా పోయిందనుకున్నారు. 2005లో షంసుర్ రహ్మాన్ ఫారూఖీ, మహమూద్ ఫారూఖీ కలిసి దానికి మళ్లీ ప్రాణం పోశారు. కానీ ఆ ప్రాణం ఢిల్లీ, ముంబై దాకానే. ఏలూరు దాకా, తాడేపల్లిగూడెం దాకా రాలేదు.

రాలేదంటే పూర్తిగా రాలేదని కాదు. మన పేరు లేకుండా వచ్చింది. 'గులేబకావళి కథ' సినిమా చూడని తెలుగువాళ్లుంటారా? 1962లో ఎన్టీఆర్ సినిమా. ఆ గుల్-ఎ-బకావలీ ఎక్కడిది? ఫార్సీలో ఉన్న ఖిస్సాను 19వ శతాబ్దం మొదట్లో ఫోర్ట్ విలియం కాలేజీలో నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూ చేశాడు. తర్వాత కశ్మీరీ పండిత్ దయాశంకర్ నసీమ్ దాన్ని మస్నవీగా రాశాడు. అలా తిరిగి తిరిగి తెలుగు తెరకెక్కింది. సి. నారాయణరెడ్డి గారు సినిమాకు పాటలు రాయడం మొదలుపెట్టింది ఆ సినిమాతోనే. ఆయన నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న మనిషి. రెండు జబాన్లు ఒక్క గుండెలో ఇమిడినప్పుడు ఏం పుడుతుందో చెప్పడానికి ఆయన పేరు చాలు. 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'అల్లావుద్దీన్ అద్భుత దీపం', మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథలు, చందమామ సీరియళ్లు, వీటన్నిటితో తెలుగు పిల్లలు పెరిగారు. ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుణ్ణి చూసి ఏ తెలుగు పిల్లాడూ మాంత్రికుడు కాలేదు. మన పిల్లలూ కారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఫుప్పూ ఏతరాజ్‌కి.

పిల్ల ఎన్నుకోవడం నేర్చుకుంటే మన మాట వినదన్నది ఆ భయం. మన ఇళ్లలో పిల్లలకు ఎన్నుకునే మౌఖా ఎక్కడుంది చెప్పండి. ఇంటర్‌లో ఎంపీసీయా, బైపీసీయా అన్నది మామూ చెబుతాడు. కాలేజీ ఏదన్నది బస్సు సౌకర్యం చెబుతుంది. ఫోన్ ఎప్పుడు చూడాలో భయ్యా చెబుతాడు. ఇరవై ఏళ్లపాటు ఒక్క చిన్న ఫైసలా కూడా చేయనివ్వని పిల్లను ఒక రోజు ఎర్ర దుపట్టా కప్పి కూర్చోబెట్టి, వకీల్‌నూ ఇద్దరు గవాహీలనూ పంపి, "ఖుబూల్ హై?" అని అడుగుతాం. జిందగీలో అన్నిటికన్నా పెద్ద సవాల్ అది. ఏ అభ్యాసమూ లేని నోరు దానికి ఏం జవాబు చెబుతుంది?

ఆలోచించండి. మన దీన్‌లో నికాహ్ నిలబడేదే ఆ ఖుబూల్ మీద. బుఖారీ, ముస్లిం రెండు కితాబుల్లోనూ హదీస్ ఉంది, కన్యను ఆమె ఇజాజత్ అడగకుండా పెళ్లి చేయకూడదని. సిగ్గుపడే పిల్ల మౌనమే ఆమె ఇజాజత్ అని కూడా అందులోనే ఉంది. మనం ఆ మౌనాన్ని గట్టిగా గుర్తుపెట్టుకున్నాం. అడగడాన్ని మరిచిపోయాం. ఖన్సా బిన్తె ఖిదామ్ రజియల్లాహు అన్హా ఖిస్సా కూడా బుఖారీలోనే ఉంది. ఇష్టం లేకుండా తండ్రి చేసిన నికాహ్ గురించి ఆమె ఫిర్యాదు చేస్తే రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆ నికాహ్‌ను రద్దు చేశారు. ఇక ఉమ్ముల్ మోమినీన్ ఖదీజా రజియల్లాహు అన్హా తానే పైగామ్ పంపారు. పిల్ల 'వద్దు' అనగలగడం బేఅదబీ అయితే ఈ ఖిస్సాలన్నీ మనకెందుకు నేర్పారు?

నేను పెద్దల మాట వినొద్దని చెప్పడం లేదు. అమ్మీ అబ్బాల పట్ల అదబ్ ఫర్జ్. కానీ అదబ్ వేరు, గులామీ వేరు. అదబ్ ఉన్న పిల్ల తన మాట నెమ్మదిగా చెబుతుంది. గులామీలో పెరిగిన పిల్ల మాట దాచుకుంటుంది. తర్వాత అబద్ధం చెబుతుంది. ఏదో ఒక రోజు ఎవరికీ చెప్పకుండా ఏదో చేస్తుంది. అప్పుడు నవలను తిడతాం, ఫోన్‌ను తిడతాం, కాలేజీని తిడతాం. దీన్ కూడా నియ్యత్ మీద నిలిచింది. నియ్యత్ అంటే దిల్‌లో చేసుకునే ఇరాదా. ఇరాదా లేని పిల్లను తయారుచేసి ఆ పిల్ల నమాజ్‌కు రూహ్ రావాలంటే ఎలా వస్తుంది?

ఇక పహచాన్ సంగతి. ఈ నవలల్లో పిల్లలకు నచ్చేది జాదూ కాదని ఆ వట్లూరు పిల్లతో మాట్లాడాక నాకు అర్థమైంది. "చాచా, అందులో అందరూ నువ్వెవరు, నువ్వెవరు అని అడుగుతుంటారు. మమ్మల్ని అడిగినట్టే," అంది.

నిజమే గదా. హ్యారీ పాటర్ కథలో ఒక టోపీ ఉంటుంది. నెత్తిన పెడితే ఏ గుంపులో చేరాలో చెబుతుంది. ఆ టోపీ కూడా పిల్లవాడి ఇష్టాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మన పిల్లల నెత్తిన పెట్టే టోపీలు ఏ ఇష్టాన్నీ అడగవు. ఎమ్మార్వో ఆఫీసులో సర్టిఫికెట్‌కి వెళితే షేక్ అయితే బీసీ-ఈ, సయ్యద్ అయితే, పఠాన్ అయితే కాదు, దూదేకుల అయితే బీసీ-బి. 2007 చట్టంతో వచ్చిన ఆ 4 శాతం రిజర్వేషన్ మన పిల్లల్ని ఇంజినీరింగ్ కాలేజీ గేటు దాటించింది. దాని విలువ నాకు తెలుసు. కానీ మనిషి పహచాన్ సర్టిఫికెట్‌తో పూర్తికాదు. కాలేజీలో ఆ పిల్ల ముస్లిం. ఇంట్లో, బస్తీలో తెలుగులో ఎక్కువ మాట్లాడితే "ఏందే, ఆంధ్రోళ్ల పిల్లవయ్యావా" అంటారు. క్లాసులో ఎవరో "అబ్బో, మీకు తెలుగు భలే వచ్చే" అంటారు. పుట్టింది వట్లూరులో, తాగింది కృష్ణా కాలవ నీళ్లు, తెలుగు రాకేం చేస్తుంది?

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. నువ్వు ఇటా, అటా అని రెండు వైపులా అడిగించుకున్నాను. ఒకటి తీసుకుంటే రెండోది వదిలేయాలన్నది తప్పుడు లెక్క. ఉర్దూ నా అమ్మీ జోలపాట, తెలుగు నా రొట్టె. రెండూ నేనే. ఎన్నుకోవడమంటే ఒకదాన్ని నరుక్కోవడం కాదు. ఎవరో తగిలించిన ముసుగు మొహానికి అతుక్కుపోకముందే తీసి, కింద ఉన్న మొహాన్ని చూసుకోవడం. ఎలియాస్ చేసింది అదే.

మరి జాగ్రత్తలు లేవా? ఉన్నాయి. ఈ నవలలో హింస ఉంది, కొరడా దెబ్బలున్నాయి, గులాముల మీద జరిగే దారుణాలున్నాయి, ప్రేమ ఉంది. పదేళ్ల పిల్లకు ఇవ్వొద్దు. పదిహేను దాటిన పిల్లకు ఇవ్వండి, ఇచ్చి వదిలేయకండి. ఇలాంటి నవలలన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్నిటిలో సరుకు తక్కువ, షోకు ఎక్కువ. ఏది ఏదో తెలియాలంటే పెద్దవాళ్లు కూడా పేజీ తిప్పాలి. ఇంగ్లీషు రాదంటారా? పిల్లను చెప్పమనండి.

వట్లూరులో చివరికి చేసింది అదే. రాత్రి భోజనాలయ్యాక పిల్ల రోజుకో అధ్యాయం తెలుగులో, ఉర్దూలో కలిపి చెప్పాలి, అబ్బా వినాలి. ఇదీ ఒప్పందం. మూడో రాత్రికి అబ్బా తానే "ఇంతకీ ఆ పిల్ల అన్న దొరికాడా?" అని అడిగాడట. ఫుప్పూ వంటింట్లో నుంచే వింటోందట. తండ్రికి కూతురు అంతసేపు మాట్లాడటం ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత అదే. దాస్తాన్‌గోయీ అంటే మరేంటి? మీర్ బాఖర్ అలీ ఢిల్లీలో చేసింది ఆ పిల్ల వట్లూరులో చేసింది. పరీక్షల భయముంటే పరీక్షల నెలలో కితాబ్ పక్కన పెట్టించండి. కానీ అర్ధరాత్రి దాకా రీల్స్ చూసే ఇంట్లో ఒక నవల చదువు పాడుచేస్తుందంటే నేను నమ్మను.

ఇక చివరి మాట పిల్లలకు కాదు, మనలో రాసేవాళ్లకు.

తెలుగులో ముస్లిం రచయితలు మన జిందగీని చాలా గొప్పగా రాశారు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చి మన నెత్తిన ఉన్న నిందను నిలదీసింది. 'జల్‌జలా' 1998లో మన కవుల గొంతుల్ని ఒక్కచోట చేర్చింది. 'వతన్' మన కథల్ని ఒక సంపుటం చేసింది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' కావలి గల్లీల్ని తెలుగువాళ్లందరికీ చూపించింది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కన్నీళ్లు పెట్టించింది. ఇవన్నీ కావాలి. మన గరీబీ, మన భయం, మన గల్లీ, మన అమ్మీల కష్టం రాయకపోతే మనం ఉన్నామని కూడా ఎవరికీ తెలిసేది కాదు.

కానీ మన పిల్ల తెలుగు పుస్తకం తెరిస్తే తనలాంటి పిల్ల ఎప్పుడూ కష్టంలోనే కనిపిస్తోంది. ఎగిరే పిల్ల కనిపించడం లేదు. సల్తనత్‌ను ఎదిరించే పిల్ల, తిలిస్మ్ తాళం తీసే పిల్ల, జిన్నుతో షర్తు కట్టి గెలిచే పిల్ల కనిపించడం లేదు. అలాంటి పిల్ల కావాలంటే కాలిఫోర్నియా ఎడారిలో పెరిగిన రచయిత్రి దగ్గరికి వెళ్లాల్సి వస్తోంది. ఉర్దూ లిపి చదవడం రాని తరం ఇది. హోష్‌రుబా వాళ్లకు తాళం వేసిన ఖజానా. తెలుగులో దాని తాళంచెవి ఎవరైనా తయారుచేయాలి. మొత్తం తర్జుమా అక్కర్లేదు. పదిహేనేళ్ల పిల్ల చదివేలా రెండు వందల పేజీల్లో చెప్పినా చాలు.

సరుకు లేదనకండి. ఏలూరులోనే ఉంది. మన ఊరి తివాచీలు విదేశాలకు వెళ్లేవి. ఎప్పుడో ముసల్మాన్ సల్తనత్‌ల కాలంలో పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు ఈ హునర్ ఇక్కడికి తెచ్చారని చెబుతారు. తంగెళ్లమూడిలో మగ్గం మీద ఒక్కో ముడీ వేసిన చేతులు మన వాళ్లవే. ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి, నేసేవాళ్ల పిల్లలు వేరే పనులకు వెళ్లిపోయారు. లోకమంతా ఎగిరే ఖాలీన్ కథ చెప్పుకుంటోంది. ఖాలీన్ నేసిన ఊళ్లో ఆ కథ రాసినవాళ్లు మాత్రం లేరు. అమ్మీ నేసిన ఆఖరి తివాచీ మీద ఒక పిల్ల కొల్లేరు మీదుగా ఎగిరితే ఎలా ఉంటుంది? ఆటపాక కొంగల గుంపు దారి చూపిస్తే ఎలా ఉంటుంది? కొల్లేటి అడుగున మునిగిన ఒక తిలిస్మ్ ఉండి, దాన్ని తెరిచే మాట సగం ఉర్దూలో, సగం తెలుగులో ఉంటే? రెండూ వచ్చిన పిల్లే దాన్ని తెరవగలిగితే?

రాయండి. నేను ఇది చదివే టీచర్లకు చెబుతున్నాను, కాలేజీ పిల్లలకు చెబుతున్నాను, ఇంట్లో కూర్చుని నోటుపుస్తకాల్లో కవితలు రాసి దాచుకునే చెల్లెళ్లకు ముఖ్యంగా చెబుతున్నాను. బాగా రాకపోయినా ఫర్వాలేదు, మొదటిది ఎవరికీ బాగా రాదు. అమ్మీ అబ్బాలకు నా దర్ఖాస్త్ ఒకటే. ఈ రాత్రి మీ బేటీని ఏం చదువుతున్నావని కోపంగా కాకుండా అడగండి. తను చెప్పేది చివరిదాకా వినండి. మధ్యలో 'వద్దు' అనకండి. రేపు ఇంతకన్నా పెద్ద మాట ఏదైనా ఉంటే మీ దగ్గరికే వస్తుంది, ఇన్షాఅల్లాహ్.

ఖుదా హాఫిజ్.